రోళ్లపాడు దారి మీద సైకిలు: ఒక యువ రచయితకు లేఖ

కర్నూలు

చిరంజీవికి ఆశీస్సులు.

నీవు పంపిన రోళ్లపాడు సైకిలు యాత్ర వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నీకు చూపు ఉంది, వాక్యాన్ని తడబడకుండా చివరిదాకా నడిపే ఓపిక కూడా ఉంది. అయితే నీ వ్యాసంలో దారి మొదటి పేరాలోనే ముగిసిపోయింది. తెల్లవారుజామున నందికొట్కూరులో సైకిలు ఎక్కావు, మరుసటి వాక్యంలో అభయారణ్యం కంచె ముందు దిగావు, అక్కడి నుంచి చివరిదాకా లోపలి గడ్డిమైదానం వర్ణనే నడిచింది. ఆ వర్ణనను కారులో వెళ్లినవారు కూడా రాయగలరు. సైకిలు తొక్కినవారు మాత్రమే రాయగలిగినది ఆ రెండు వాక్యాల నడుమ ఉండిపోయింది. దాన్ని రాయమని అడగడానికే ఈ ఉత్తరం.

రోళ్లపాడు అభయారణ్యాన్ని 1988లో ప్రధానంగా బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం ఏర్పాటు చేశారు. దాని విస్తీర్ణం 614 హెక్టార్లు, అంటే ఆరు చదరపు కిలోమీటర్లకు కొంచెం పైన. మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది, ఆడపక్షి నేల మీద సాధారణంగా ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. అంతటి పక్షి ఆ కంచె లోపల మాత్రమే ఎన్నడూ బతకలేదు. గడ్డిలో గుడ్డు పెట్టి, చుట్టుపక్కల మెట్టచేలలో తిరుగుతూ మిడతలను, పురుగులను, గింజలను ఏరుకుని తినేది. అందువల్ల రైతు జొన్న, కొర్ర వేసుకున్న చేను కూడా దాని నివాసంలో భాగమే. నీవు ఒక్క వాక్యంలో దాటేసిన దారి ఆ చేల మధ్యనుంచే పోతుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుని మళ్లీ ఆ దారిన వెళితే, అభయారణ్యం గురించి రాయవలసినదంతా కంచె కనబడకముందే మొదలవుతుందని నీకే తెలుస్తుంది.

ఏ చేనులో ఏ పైరు ఉందో నీ వ్యాసంలో ఎక్కడా లేదు. "ఇరువైపులా పచ్చని పొలాలు" అని రాశావు. ఆ పచ్చదనం పత్తిదా, మొక్కజొన్నదా, పొగాకుదా, పప్పుశనగదా? ఇక్కడ అది అలంకారం కోసం అడిగే ప్రశ్న కాదు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నుంచి బయలుదేరే కర్నూలు-కడప కాలువను 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించడం మొదలుపెట్టింది. సాగునీటితో పాటు పడవల రాకపోకలను కూడా ఉద్దేశించిన ఆ కాలువను 1882లో ప్రభుత్వం కొనుగోలు చేసింది. తరువాతి కాలంలో ఆ కాలువకే అనుబంధంగా మిడుతూరు మండలంలో అలగనూరు జలాశయం వచ్చింది. నీరు అందిన చోట రైతు జొన్నను వదిలి డబ్బు వచ్చే పైరుకు మారాడు. కరువు సీమలో నీటి కోసం ఎదురుచూసిన మనిషిని అందుకు ఎవరూ తప్పుపట్టలేరు, నీవు కూడా పట్టవద్దు. కానీ మెట్టపైరు పోయి మందు కొట్టే పైరు వచ్చినప్పుడు మిడతలు తగ్గుతాయి, మిడతలు తగ్గితే వాటిని తినే పక్షికి అక్కడ పని ఉండదు. రోడ్డు పక్కన సైకిలు ఆపి పైరు పేరు అడిగి రాసుకున్నవాడికి ఈ మార్పంతా తన నోటుపుస్తకంలోనే దొరుకుతుంది.

తలెత్తి కరెంటు తీగలను కూడా చూడు. బట్టమేక పిట్టకు కళ్లు తలకు ఇరుపక్కలా ఉంటాయి కనుక సూటిగా ముందున్నది సరిగా ఆనదు. బరువైన శరీరం కావడంతో, తీగ దగ్గరపడ్డాక కనిపించినా వెంటనే పక్కకు తిరగలేక దానికి తగిలి చనిపోతుంది. రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాలలో ఈ తీగల విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2021లో తీర్పు వచ్చింది. మన ఉమ్మడి కర్నూలు జిల్లాలోనే గని, శకునాల గ్రామాల దగ్గర 1,000 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు 2017లో పనిచేయడం మొదలుపెట్టింది. ఈ నేల మీద ఎండ, గాలి, ఖాళీ జాగా ఎక్కువ కాబట్టి ఇటువంటివి, వాటితో పాటు తీగలు ఇంకా వస్తాయి. రోళ్లపాడు ఇప్పుడు పరిపాలనలో నంద్యాల జిల్లా కిందికి వచ్చింది, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాయి కదా, నీ వ్యాసంలో ఆ చిన్న సవరణ కూడా చేసుకో.

ఇక వేగం సంగతి. తీరికగా తొక్కే సైకిలు గంటకు పన్నెండు పదిహేను కిలోమీటర్లకు మించి పోదు, ఇంజను చప్పుడు ఉండదు. చేనిలోంచి తీతువు అరిచినా, కౌజుపిట్టలు గట్టు వెంట పరుగెత్తినా, గొర్రెల కాపరి మందను అదిలించినా వినబడుతుంది. నీ వాక్యాలు కూడా ఆ వేగంతో నడవాలి. నీవు రాసిన "కృష్ణజింకల గుంపు మెరుపులా మాయమైంది" అన్న వాక్యం తీసెయ్యి. అవి ముందు తలలెత్తి చూసి ఉంటాయి, సైకిలు కదులుతున్నంతసేపు నిలబడే ఉండి, నీవు బ్రేకు వేసి కాలు నేలకు ఆనించగానే కదిలి ఉంటాయి. ఏది ముందు, ఏది తరువాత అన్నది రాస్తే మెరుపు అవసరం ఉండదు. అలాగే "మనసు పులకించింది", "ప్రకృతి ఒడిలో సేదతీరాను" వంటివి నీ వ్యాసంలో చాలా ఉన్నాయి. వాటన్నిటినీ కొట్టివేసి, ఆ స్థలాల్లో నీకు కనబడిన చెట్టు పేరో, పిట్ట పేరో, మనిషి చేస్తున్న పనో పెట్టు. వ్యాసం చిన్నదైపోతుందని భయపడవద్దు.

ఈ దారికి నేల స్వభావం కూడా ముఖ్యం, దాన్ని నీ కాళ్లు ముందుగా తెలుసుకుంటాయి. వాన పడిన మర్నాడు తారురోడ్డు దిగి నల్లరేగడి బాటలోకి వెళితే మట్టి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య బిగిసిపోయి సైకిలు కదలదు, కట్టెపుల్లతో గోకి తీస్తూ కూర్చోవలసి వస్తుంది. ఎండాకాలంలో అదే నేల పగుళ్లిచ్చి బీటలలో చక్రం ఇరుక్కుంటుంది. పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు టైరును వదిలిపెట్టవు. పంక్చరు సామాను, గాలి పంపు లేకుండా బయలుదేరవద్దు. ఆషాఢ శ్రావణాలలో పడమటి గాలి బలంగా వీస్తుంది, కర్నూలు నుంచి తూర్పుగా పోయేటప్పుడు అది వీపును తోస్తుంది, తిరుగు ప్రయాణంలో ముఖానికి కొడుతుంది. ఓపికను ఆ తిరుగుదారికి దాచుకోవాలి. నీవు ఎంత కష్టపడ్డావన్నది పాఠకుడికి ముఖ్యం కాదు. అయితే గాలి ఎటునుంచి వీచింది, నేల తడిగా ఉందా పొడిగా ఉందా అన్నవి రాస్తే, ఆ రోజు అక్కడి పైరు, పక్షి, మనిషి ఎందుకు అలా ఉన్నారో అర్థమవుతుంది.

చలికాలంలో వెళ్లగలిగితే తప్పక వెళ్లు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మధ్య ఆసియా గడ్డిమైదానాల నుంచి హ్యారియర్ గద్దలు ఇక్కడికి వలస వస్తాయి. పగలంతా చేల మీద తక్కువ ఎత్తులో ఎగురుతూ మిడతలను, చిన్న పిట్టలను పడతాయి, సాయంత్రానికి రోళ్లపాడు గడ్డిలో దిగి నేల మీదే నిద్రిస్తాయి. పగటి వేళ అవి ఏ చేను మీద తిరుగుతున్నాయో చూడడానికి రోడ్డును మించిన చోటు లేదు. ఒక చేను మీద మూడు తిరిగి, పక్క చేను మీద ఒక్కటీ తిరగకపోతే, ఆ రెండు చేలలో ఏమేమి వేశారో అడిగి తెలుసుకో. నీ వ్యాసంలోని అన్ని విశేషణాల కన్నా ఆ ఒక్క పరిశీలన విలువైనది.

రైతులతో మాట్లాడేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకో. నీవు అడవి పిట్ట కోసం వచ్చావు, ఆయన జింకలు మేసిన పైరును చూసుకుంటున్నాడు. అభయారణ్యం వచ్చాక బాగా పెరిగిన కృష్ణజింకలు చేలమీద పడడం అక్కడివారికి పాత బాధ. గొర్రెల కాపరికి తోడేలు భయం ఉంది. వారి మాటను నీ వ్యాసంలో ఉపోద్ఘాతంగానో, అడ్డంకిగానో కాక, నీ మాటతో సమానంగా నిలబెట్టు. టీ అంగడిలో కూర్చుని "పెద్దాయనా, చిన్నప్పుడు బట్టమేకను చూసినారా?" అని అడిగితే చాలు, చెప్పేవారు చెబుతారు. ఆ మాటలను అదే యాసతో రాసుకో, నీ గ్రాంథికంలోకి దిద్దవద్దు.

బట్టమేక పిట్ట ఇప్పుడు అక్కడ దాదాపు కనబడదు. 2011 నుంచి అది ప్రపంచంలోనే తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో ఉంది. కనబడని పక్షి కోసం నీవు రాసిన విలాపం నిజాయితీగానే ఉంది, కానీ దాన్ని నేను ఒప్పుకోలేను. పక్షి ఎందుకు పోయిందో చెప్పగల ఆధారాలన్నీ నీవు తొక్కిన దారి పక్కనే ఉండగా వాటిని వదిలేసి కన్నీరు రాయడం ఆ పక్షికి న్యాయం చేయదు. ఇంకొక జాగ్రత్త: ఏ అరుదైన పక్షి గూడో, గుడ్డో కంటబడితే, అది ఏ గట్టు పక్కన ఉందో వ్యాసంలో రాయవద్దు. ఫొటోల కోసం జనం వచ్చి తొక్కేస్తారు. అటవీశాఖ అనుమతి లేకుండా కంచె దాటవద్దని వేరే చెప్పనక్కరలేదు.

ఇవన్నీ ఒకే వ్యాసంలో ఇమడవు, ఇమడ్చాలని ప్రయత్నించకు. సంక్రాంతి లోపల వీలు చూసుకుని మళ్లీ వెళ్లు. ముందు నందికొట్కూరు నుంచి మిడుతూరు దాకా ఉన్న దారిని మాత్రమే రాసి పంపు. రోళ్లపాడు సంగతి ఆ తరువాతి ఉత్తరంలో మాట్లాడుకుందాం.