నాచు చావలేదు, యూరియా దాని పని మాన్పించింది

ప్రశ్న: వరి నాటిన పదో రోజున ఎకరాకు 4 కిలోల నీలి ఆకుపచ్చ నాచు కల్చర్, అదే రోజు 40 కిలోల యూరియా నిలవ నీటిలో చల్లాను. మూడు వారాలైనా నాచు ఫలితం కనిపించలేదు సరికదా, పైరు మళ్లీ పాలిపోతోంది. కల్చర్ చచ్చిన సరుకని, మరో రకం రెట్టింపు చల్లమని డీలరు అంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: కల్చర్ చచ్చిందన్న డీలరు మాట సరికాదు. మీరు సీసాలో పంపిన మడి నీటిని సూక్ష్మదర్శిని కింద చూశాను. కల్చర్‌లోని అనబీనా అనే నీలి ఆకుపచ్చ నాచు పోగులు పూసల దండల్లా నిక్షేపంగా ఉన్నాయి. ఒక్కో పూస ఒక్కో కణం. అయితే గాలిలోని నత్రజనిని పట్టే పోగులో ప్రతి పది నుంచి ఇరవై పూసలకు ఒకటి లావుగా, దళసరి గోడతో, పాలిపోయి కనబడాలి. దానిని హెటరోసిస్టు అంటారు. మీ నమూనాలో పూసలన్నీ దాదాపు ఒకే తీరుగా ఉన్నాయి.

దీనికి కారణం యూరియా. నాచు కణంలో ఎన్‌టీసీఏ అనే నియంత్రక ప్రోటీన్ ఉంటుంది. నత్రజని కొరవడినప్పుడు, దానితో కలవవలసిన 2-ఆక్సోగ్లూటరేట్ అనే పదార్థం కణంలో పేరుకుని ఈ ప్రోటీన్‌కు అతుక్కుంటుంది. అప్పుడది డీఎన్‌ఏను గట్టిగా పట్టుకుని, నత్రజని సేకరణకు కావలసిన జన్యువులను పనిలోకి దించుతుంది. ఆ వరుసలో హెట్‌ఆర్ అనే రెండో ప్రోటీన్ పెరిగి, సుమారు 24 గంటల్లో హెటరోసిస్టు తయారవుతుంది. పక్క కణాలన్నీ అదే దారి పట్టకుండా, తయారవుతున్న కణమే పాట్‌ఎస్ అనే చిన్న పెప్టైడ్‌ను (ప్రోటీన్ తునకను) పంపి వాటిలోని హెట్‌ఆర్‌ను అడ్డుకుంటుంది. ఇంత ఏర్పాటు ఎందుకంటే, నత్రజనిని స్థిరీకరించే ఎంజైము ఆక్సిజన్ తగిలితే పాడవుతుంది. అందుకే ఆక్సిజన్ వదలని ప్రత్యేక గదిగా హెటరోసిస్టు కావాలి.

యూరియా కరిగి అమ్మోనియాగా మారగానే దానితో కలిసి 2-ఆక్సోగ్లూటరేట్ ఖర్చయిపోతుంది, ఎన్‌టీసీఏ పట్టు సడలుతుంది, కొత్త హెటరోసిస్టులు పుట్టవు. తేరగా దొరికే అమ్మోనియాను వదిలి కష్టపడి గాలిలోంచి తెచ్చుకోవలసిన అవసరం నాచుకు లేదు. రెట్టింపు కల్చర్ చల్లినా జరిగేది ఇదే. సంచి మీద కాలం చెల్లిందో లేదో కూడా చూడకుండా చచ్చిన సరుకని తేల్చిన వారు మీ చేత రెండోసారి కొనిపించడానికే చూస్తున్నారు.

పైరు పాలిపోయింది కనుక ఈసారికి నత్రజని ఇవ్వక తప్పదు. నీరు తీసివేసి, ఎకరాకు 20 కిలోల యూరియాను బురద పదునులో సమానంగా చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి. నిలవ నీటిలో చల్లితే చాలా భాగం ఆవిరై పోతుంది, మిగిలింది నాచును నిద్రపుచ్చుతుంది. పైరు కాస్త పాలిపోవడం చూడగానే యూరియా బస్తా విప్పే అలవాటు మానాలని ఎన్నిసార్లు చెప్పినా వినేవారు తక్కువ.

వచ్చే పంటలో మొదటి దఫా నత్రజనిని, మొత్తం భాస్వరాన్ని ఆఖరి దమ్ములోనే బురదలో కలిసేలా వేయండి. నాటిన పది రోజులకు, నీటిలోని అమ్మోనియా చాలావరకు తగ్గాక, ఎకరాకు 4 కిలోల కల్చర్ చల్లి, మడిలో 5 సెంటీమీటర్ల నీరు కదలకుండా నిలపండి. నాచు బాగా పరచుకుంటే తర్వాతి దఫాల్లో ఎకరాకు 10 కిలోల నత్రజని, అంటే దాదాపు 22 కిలోల యూరియా తగ్గించవచ్చు. పూర్తిగా మానేయడం మాత్రం కుదరదు. తీగల్లా సాగే పచ్చ నాచు వేరు, అది నత్రజనిని పట్టదు. దాని కోసం మైలుతుత్తం వేస్తే మీరు చల్లిన నాచూ పోతుంది.

కల్చర్ చల్లిన రెండు వారాలకు మరో నమూనా పంపండి. సీసాను సగమే నింపి, ఎండ తగలకుండా అదే రోజు చేర్చండి.