ఫిక్ సూత్రం దగ్గరే ఆగిపోకు

అమ్మడూ,

ప్రాజెక్టు కాగితాలు చూశాను. డిఫ్యూజన్ అంటే పరమాణువులు ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటికి పోవడమని మొదటి పేజీలోనే తేల్చేశావు. 1855లో ఫిక్ చెప్పిందీ అదే, చాలాచోట్ల సరిపోతుంది కూడా. కానీ కోనసీమలో పుట్టినదానివి, వానాకాలంలో మన చేను గుర్తు చేసుకో. చేలో మోకాల్లోతు నీళ్ళున్నా సరే, మురుగుకాలవ మట్టం ఇంకా పైనుంటే కాలవే చేలోకి ఎదురు తన్నుతుంది. మిశ్రలోహంలో పరమాణువులు చూసే మట్టం కెమికల్ పొటెన్షియల్.

ఇది చదివితే ఎక్కదు, గీసి చూడాలి. ఎ, బి అని రెండు లోహాల మిశ్రమం అనుకో. గ్రాఫు కాగితం మీద అడ్డంగా బి శాతం, నిలువుగా గిబ్స్ ఫ్రీ ఎనర్జీ (ఏది తగ్గే వైపుకి మిశ్రమం మొగ్గుతుందో ఆ శక్తి) పెట్టుకుని గిన్నెలా వంగిన గీత గియ్యి. గీతకి ఒకచోట స్కేలు స్పర్శరేఖగా ఆనించు. నూటికి నూరు బి ఉన్న కుడి అంచుని స్కేలు ఎక్కడ తాకితే అదే ఆ మిశ్రమంలో బి పొటెన్షియల్. స్కేలుని బి ఎక్కువున్న వైపు జరిపితే ఆ చుక్క పైకెక్కుతుంది. అంటే ఫిక్ మాటే నిజం. గీత మధ్యలో మూపురంలా లేచిందనుకో, అక్కడ జరిపితే చుక్క దిగుతుంది! బి ఉన్నచోటికే ఇంకా బి చేరుతుంది. సుమారు 810 డిగ్రీల సెల్సియస్ పైన ఏ పాళ్ళలోనైనా కలిసిపోయే బంగారం, నికెల్ ఆ కింద రెండుగా విడిపోయేది ఈ మూపురం వల్లే.

డిఫ్యూజన్ గుణకం లెక్కకి 1948 నాటి డార్కెన్ సూత్రం పట్టుకో. హ్యాండ్‌బుక్‌లో ట్రేసర్ విలువలు (గుర్తు పెట్టిన పరమాణువులతో కొలిచిన గుణకాలు) తిన్నగా వాడేయకు. ఎ విలువని బి వంతుతో, బి విలువని ఎ వంతుతో గుణించి కూడాలి (అందరూ తడబడేది ఇక్కడే), ఆ మొత్తాన్ని థర్మోడైనమిక్ ఫ్యాక్టర్‌తో, అంటే ఇందాకటి గీత వంపుని బట్టి వచ్చే అంకెతో గుణించాలి. ఆదర్శ మిశ్రమానికి అది 1, మూపురం దగ్గర రుణసంఖ్య. రెండు మూలకాల పొటెన్షియళ్ళనీ ముడివేసే గిబ్స్–డ్యూహెమ్ సమీకరణం ప్రకారం రెండు మూలకాలకీ ఫ్యాక్టర్ ఒకటే. నీకు రెండు రకాలుగా వచ్చిందంటే ఎక్కడో లెక్క తప్పినట్టే.

వేగం సంగతి వేరే. పొటెన్షియల్ తేడా ఎంతున్నా, పక్క ఖాళీలోకి దూకే శక్తి లేనంత చల్లగా ఉంటే పరమాణువు ఉన్నచోటే కూర్చుంటుంది.

ఇంకొకటి. 1947లో స్మిగెల్స్‌కాస్, కిర్కెండాల్ ఇత్తడి దిమ్మ మీద సన్నని మాలిబ్డినమ్ తీగలు పెట్టి, పైన రాగి పూత వేసి వేడి చేస్తే తీగలు లోపలికి జరిగాయి. ఇత్తడిలోని జింకు బయటికి పోయినంత జోరుగా రాగి లోపలికి రాలేదన్నమాట. నీ రాగి–ఇత్తడి ముక్కల మధ్య కూడా తీగలు పెట్టించు, అతికించకముందే. మాలిబ్డినమ్ దొరక్కపోతే టంగ్‌స్టన్ అయినా ఫర్వాలేదు. గ్రాఫులు గీశాక ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు.

మీ పెదనాన్న