నైరోబీ వార్తల డెస్కులో చేరుతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నైరోబీలో టీవీ వార్తల డెస్కులో ఉద్యోగం దొరికిందనీ, స్క్రిప్టు పనిలో చాట్‌బాట్‌ను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పమనీ రాశావు. అదే ఊళ్లో, అదే పనిలో నా జుట్టు నెరిసింది కనుక తెలిసినంత చెబుతాను.

వాడడానికి సంకోచించకు. పెద్ద బడ్జెట్ పత్రంలో ఏ పన్ను ఎవరి మీద పడుతుందో వెతకడానికి అది బాగా పనికివస్తుంది. 2024లో ఫైనాన్స్ బిల్లుపై ఆందోళనలు చెలరేగినప్పుడు, ఆ బిల్లును జనానికి విడమరిచి చెప్పే చాట్‌బాట్‌ను కెన్యా యువతే తయారుచేసుకుంది. అయితే అది చూపిన క్లాజును మూల పత్రంలో నీ కళ్లతో చదివాకే స్క్రిప్టులోకి ఎక్కించు.

నా భయమంతా అనువాదం గురించే. అక్కడి ప్రధాన చానెళ్లలో సాయంత్రం 7 గంటల బులెటిన్ స్వాహిలీలో, రాత్రి 9 గంటలది ఇంగ్లీషులో రావడం ఆనవాయితీ కాబట్టి, ఒకే వార్త రెండు గంటల్లో భాష మారాలి. ఆ హడావుడిలోనే చేయి చాట్‌బాట్ వైపు పోతుంది. స్వాహిలీలో పగటి గంటలను తెల్లవారింది మొదలు, రాత్రి గంటలను పొద్దుగూకింది మొదలు లెక్కిస్తారు. ‘సా తాతు’ అంటే మాటకు మూడు గంటలే, గడియారంలో మాత్రం తొమ్మిది. నేను విరమించడానికి కొద్ది నెలల ముందు, అగ్నిప్రమాదాన్ని కళ్లారా చూసిన ఒకామె ‘సా తాతు ఉసికు’ (ఉసికు అంటే రాత్రి) అని చెబితే, చాట్‌బాట్ దాన్ని రాత్రి మూడు గంటలని రాసింది, మా సబ్ఎడిటర్ అలాగే ఉంచేశాడు. వీధి ఇంకా మేలుకొని ఉన్న వేళ అంటుకున్న మంట, అందరూ గాఢనిద్రలో ఉండగా అంటుకున్నదైపోయింది. బులెటిన్‌కు పది నిమిషాల ముందు టేపు మళ్లీ విన్నాను కనుక సరిదిద్దగలిగాం. ఆ స్క్రిప్టులో ఒక్క భాషాదోషమూ లేదు, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

వీధిలో జనం మాటలను రికార్డు చేసిన బైట్లలో స్వాహిలీ, ఇంగ్లీషు కలగలిసిన షెంగ్ వినబడుతుంది. అక్కడ మరింత జాగ్రత్త అవసరం.

పేరు బయటపెట్టవద్దని కోరినవారి మాటలను ఎట్టి పరిస్థితిలోనూ చాట్‌బాట్‌లో అతికించవద్దు. కెన్యాలో 2019 నుంచి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఉంది. చట్టం లేకపోయినా, ఆ మనిషికి మాట ఇచ్చింది నువ్వు.

చేరిన మొదటి నెల, సాయంత్రం బులెటిన్‌కు ముందు స్వాహిలీ ఎడిటర్ పక్కన కుర్చీ అడిగి తీసుకో. టేపులో సమయం వినబడిన ప్రతిచోటా గడియారపు గంటను నీ చేత్తో మార్జిన్‌లో రాసి, ఆయనకు చూపించు.

ఇట్లు,
మీ మామయ్య