నెపోలియన్ కాలంలో బ్రిటన్‌లో జరిగిన పెద్ద విషయం ఏది?

చాలామంది ట్రఫాల్గర్, వాటర్లూ యుద్ధాలు అంటారు. నన్నడిగితే ఇన్‌కమ్ ట్యాక్స్ అంటాను. ఫ్రాన్స్‌తో యుద్ధానికి డబ్బు చాలక ప్రధాని విలియం పిట్ 1799లో దాన్ని తెచ్చాడు. ఏడాదికి 60 పౌండ్లలోపు ఆదాయానికి మినహాయింపు, 200 దాటితే పది శాతం. కోటి పౌండ్లు వస్తాయనుకుంటే అరవై లక్షలే వచ్చాయి. జనం లెక్కలు దాచారు మరి!

1802లో సంధి కుదరగానే తీసేశారు, మరుసటి ఏడాది యుద్ధం మొదలవడంతో మళ్లీ వేశారు. ఈసారి కొన్ని ఆదాయాలపై చేతికి రాకముందే కోత, మన టీడీఎస్ లాగే. రేటు సగమే అయినా రాబడి దాదాపు అంతే.

వాటర్లూ తర్వాతి ఏడాది, 1816లో, పార్లమెంటు దాన్ని రద్దు చేసి రికార్డులు కూడా నాశనం చేయమంది. కానీ నకళ్లు మిగిలాయి. 1842లో పన్ను మళ్లీ వచ్చింది.