రోడ్డు ట్యాక్స్ కట్టాక మళ్లీ పార్కింగ్ పైసలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నేను పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తాను. చేతికి 46 వేలు వస్తాయి. మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 22 వేలు. అమ్మకు హైదరాబాద్‌లో ట్రీట్‌మెంట్ నడుస్తోంది, వారానికోసారి తీసుకెళ్లాలి. అందుకే పోయిన దసరాకు ఆరు లక్షల లోన్‌తో కారు తీసుకున్నాం. డ్యూటీకి నేను కంపెనీ బస్సులోనే పోతాను. మాది కిరాయి ఇల్లు, కారు పెట్టడానికి జాగ లేదు. గల్లీ మలుపులో కరెంటు స్తంభం పక్కన పెడుతుంటే పక్కింటాయనతో రోజూ లొల్లి. మొన్నయితే వైపర్లు రెండూ పైకి లేపి పెట్టి పోయాడు. రెండిళ్ల అవతల ఖాళీ ప్లాటు ఉన్నాయన రేకుల షెడ్డు వేసి కారుకు నెలకు 1,200 అడుగుతున్నాడు. ఇది కాక హాస్పిటల్‌లో వెళ్లినప్పుడల్లా 225 దాకా, ఊళ్లో బస్టాండ్, క్లాక్ టవర్ వైపు పోతే పదీ ఇరవై. లక్ష పైన లైఫ్ ట్యాక్స్ కట్టాను సార్. బండిని ఊరికే నిలబెట్టినందుకు కూడా పైసలు కట్టాలంటే అన్యాయం కాదా? షెడ్డు తీసుకోవాలా, వద్దా?

జవాబు: షెడ్డు తీసుకోండి. అయితే 1,200కు కాదు, కొంచెం బేరమాడి. ఎందుకో చెప్తాను. దానికంటే ముందు న్యాయం సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ కోపమంతా అక్కడే ఉంది.

లైఫ్ ట్యాక్స్ బండి రోడ్డు మీద తిరగడానికి కట్టేది. అది కట్టినంత మాత్రాన రోడ్డులో కొంత జాగ మీ పేరు మీద రాసిచ్చినట్టు కాదు. మీ గల్లీ పన్నెండు అడుగులు ఉందనుకుందాం. చిన్న కారైనా పక్క అద్దాలతో కలిపి వెడల్పు దగ్గర దగ్గర ఐదున్నర అడుగులు ఉంటుంది. మీ కారు నిలబడ్డాక మిగిలేది ఆరున్నర అడుగులు, అందులో కరెంటు స్తంభం ఒకటి. ఆటో ఎలాగో దూరుతుంది. వాటర్ ట్యాంకర్ రాదు, అంబులెన్స్ వచ్చినా మలుపు తిరగదు. మీ ఇంట్లోనే పేషెంట్ ఉన్నారు కాబట్టి దీన్ని మీకు వివరంగా చెప్పాల్సిన పని లేదు. పక్కింటాయన వైపర్లు లేపడం మంచి పద్ధతి కాదు, నిజమే. కానీ కారు లేని ఆయన కూడా ఇంటి పన్ను కట్టాడు, ఆ సీసీ రోడ్డులో ఆయన వాటా కూడా ఉంది.

ఇంకో లెక్క చూడండి. కారు నిలబడే చోటు సుమారు రెండున్నర మీటర్ల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, అంటే దగ్గర దగ్గర 15 గజాలు. మన పట్టణాల్లో తోపుడు బండి మీద అరటిపండ్లు అమ్ముకునేవాళ్లు రెండు గజాల జాగకు తైబజారు కట్టిన రోజులు మనందరికీ గుర్తే. పొద్దంతా ఎండలో నిలబడి నాలుగు పైసలు సంపాదించుకునే మనిషి దగ్గర వసూలు చేయడం న్యాయమైతే, 15 గజాలు పట్టుకుని రోజంతా కదలని కారును ఊరికే వదిలేయడం ఏ లెక్కన న్యాయం? జాగ వాడుకున్నవాళ్లు కట్టాలి. ఇందులో నాకు అనుమానం లేదు. డబ్బు తీసుకున్నవాళ్లు బాధ్యత కూడా తీసుకోవాలి, అది రెండో సగం. మన దగ్గర ఈ రెండో సగమే ఎగిరిపోతుంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు షెడ్డు. మీ వీధిలో గజం ఎంత పలుకుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. లెక్క కోసం 25 వేలు అనుకుందాం. 15 గజాలంటే 3,75,000. ఆ డబ్బు బ్యాంకులో ఆరున్నర శాతం వడ్డీకి ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే ఏడాదికి 24,375, నెలకు రెండు వేల పైమాటే. పైగా కారు లోపలికి రావడానికి, తిప్పుకోవడానికి దారి వదలాలి, ఆ గజాలు వేరే. అలా చూస్తే 1,200 ఎక్కువేం కాదు. కానీ బేరమాడేటప్పుడు అటువైపు లెక్క కూడా తెలిసి ఉండాలి. ఆయన ఆ ప్లాటు కొన్నది షెడ్డు కిరాయి కోసం కాదు, రేటు పెరుగుతుందని. షెడ్డు వేసినా వేయకపోయినా ప్లాటు ఎలాగూ ఉంటుంది. రేకులకు, గేటుకు పెట్టిన ఖర్చు వెనక్కి వచ్చాక కారు కిరాయి ఆయనకు దాదాపు మిగులే. ఇంకా ఖాళీలు ఉంటే మరీ మంచిది. మీ గల్లీలోనే జాగ లేని ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని వెళ్లండి. ముగ్గురం కలిసి వస్తాం, తలా వెయ్యి అంటే కాదనే మనిషి తక్కువ.

సరే, ఇదంతా పార్కింగ్ గురించి. నెలకు హాస్పిటల్‌లో నాలుగుసార్లకు 900, ఊళ్లో ఓ 400, షెడ్డు 1,200. మొత్తం 2,500 అనుకుందాం. దీని పక్కనే మిగతావి కూడా రాసి చూడండి. ఆరు లక్షలకు తొమ్మిది శాతం వడ్డీ, ఐదేళ్ల లోన్ అయితే ఈఎంఐ 12,455 ఉంటుంది. ఇన్సూరెన్స్‌ను నెలకు సర్దితే ఓ 1,500. సర్వీసింగ్, టైర్లు, చిల్లర రిపేర్లకు 1,200 పక్కన పెట్టాలి. హైదరాబాద్ పోను రాను 200 కిలోమీటర్లు, లీటరుకు 18 ఇస్తే 11 లీటర్లు, లీటరు 107 అనుకుంటే ఒక్క ట్రిప్పుకు దగ్గర దగ్గర 1,200. నాలుగు ట్రిప్పులు, ఊళ్లో తిరుగుడు, టోల్ కలిపి 6,500. అన్నీ కూడితే 24,155. మీ ఇద్దరి జీతం 68 వేలు. అంటే ఇంట్లోకి వచ్చే ప్రతి మూడు రూపాయల్లో ఒకటికి మించి కారే తింటోంది. అందులో పార్కింగ్ వాటా పదో వంతు.

మనుషుల్లో నేను తరచుగా చూసే విషయం ఇది. ఈఎంఐ అకౌంట్ నుంచి దానంతట అదే పోతుంది, పెట్రోల్ అవసరం కాబట్టి పోస్తాం, గేటు దగ్గర ఒకరు చెయ్యి చాపి అడిగిన ఇరవై రూపాయల దగ్గర మాత్రం రక్తం మరుగుతుంది. కోపం తప్పని అనను. కానీ మీ బడ్జెట్‌ను కదిలిస్తున్నది ఆ ఇరవై కాదు.

మరి కారు అమ్మేయమంటారా అని అడుగుతారు. ఇప్పుడు వద్దు. కొత్త కారు మొదటి ఏడాదిలోనే బాగా విలువ పోగొట్టుకుంటుంది, ఇప్పుడు అమ్మితే లోన్ తీరగా చేతికేమీ మిగలకపోవచ్చు. అమ్మగారి ఆరోగ్యం ముందు ఈ లెక్కలన్నీ తర్వాతే. అయితే ఒక పని చేయండి. మీ ఊళ్లో టాక్సీ నడిపేవాళ్లను హైదరాబాద్ పోను రాను, అక్కడ వెయిటింగ్‌తో కలిపి ఎంత అని అడిగి రాసిపెట్టుకోండి. ఒకసారికి 3,500 అన్నా నెలకు 14 వేలు. డాక్టర్ ఇక వారం వారం అక్కర్లేదు, నెలకోసారి వస్తే చాలు అన్న రోజున ఈ కాగితం తీసి మళ్లీ మాట్లాడుకోండి. అప్పుడు జవాబు మారొచ్చు. రిపోర్టులు తేవడం, మందులు తేవడం లాంటి ఒక్కరి పనులకు ఇప్పటి నుంచే కాచిగూడ రైలో, ఎంజీబీఎస్ బస్సో ఎక్కండి. ఎంజీబీఎస్ నుంచి మెట్రో ఉంది, పార్కింగ్ టెన్షన్ ఉండదు.

టోల్ మీద కొంత మిగలొచ్చు. 2025 ఆగస్టు 15న సొంత కార్లకు ఫాస్టాగ్ యాన్యువల్ పాస్ మొదలైంది. అప్పటి ధర 3,000, ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. మీరు వారానికోసారి రాయికల్ టోల్‌గేట్ దాటితే పోను రాను కలిపి ఏడాదికి వంద దాకా అవుతాయి, అంటే దాటినప్పుడల్లా 30 రూపాయలు. మీ ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసి, ఇప్పుడు ఎంత కోత పడుతోందో పోల్చుకోండి. ఈ పాస్ జాతీయ రహదారి టోల్‌కే, ఫాస్టాగ్‌తో కట్టే పార్కింగ్‌కు పనికిరాదు. అన్నట్టు, ఫాస్టాగ్‌తో పార్కింగ్ కోత పడే చోట ఎంత పోయిందో మెసేజ్ చూసుకునే అలవాటు చేసుకోండి. చేత్తో ఇవ్వని డబ్బుకు మనం లెక్క అడగం.

హాస్పిటల్ పార్కింగ్ విషయంలో మాత్రం నేను మీ పక్షమే. సినిమాకు పోయినవాడు ఎంతసేపు ఉండాలో తనే నిర్ణయించుకుంటాడు. ఓపీలో కూర్చున్న పేషెంట్ చేతిలో ఏముంది? డాక్టర్ పిలవాలి, రక్త పరీక్ష రిపోర్టు రావాలి, మళ్లీ డాక్టర్ చూడాలి. ఆ ఆలస్యానికి గంటల లెక్కన వసూలు చేయడం నాకు సబబుగా అనిపించదు. బిల్లింగ్ కౌంటర్‌లో అడగండి. ట్రీట్‌మెంట్ నెలల తరబడి నడిచే పేషెంట్లకు రోజుకింత అని పాస్ ఇస్తారేమో, అడగనిదే ఎవరూ చెప్పరు. మాల్స్, మల్టీప్లెక్సుల సంగతి వేరు. వాటికి రాష్ట్ర ప్రభుత్వం 2018లోనే రూలు పెట్టింది. మొదటి అరగంట ఎవరికైనా ఉచితం. అరగంట నుంచి గంట దాకా ఏదో ఒక బిల్లు చూపిస్తే ఉచితం. గంట దాటితే, మీ కొనుగోలు బిల్లు పార్కింగ్ ఫీజు కంటే ఎక్కువ ఉంటే చాలు, కట్టక్కర్లేదు. హైదరాబాద్ వెళ్లినప్పుడు బిల్లు పారేయకుండా జేబులో పెట్టుకోండి.

ఇక బాధ్యత సంగతి. స్టాండ్ చీటీ వెనక ‘బండికి యజమానిదే పూచీ’ అని అచ్చు వేసి ఉంటుంది. అది చదివి చాలామంది ఏం జరిగినా మనదే కర్మ అనుకుంటారు. ఢిల్లీలో ఒక పెద్ద హోటల్ సిబ్బందికి తాళం అప్పగించిన కారు పోయిన కేసులో 2019లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. తాళం తీసుకుని బండిని తన అధీనంలో పెట్టుకున్నాక, నిర్లక్ష్యం వల్ల అది పోతే, చీటీ మీద ఆ మాట రాసినంత మాత్రాన తప్పించుకోలేరని చెప్పింది. ఇక్కడ కీలకం తాళం అప్పగించడం. తాళం మీ జేబులోనే ఉండి, బండి మీరే పెట్టుకున్న చోట ఇదే మాట అంత సులువుగా వర్తించదు. ఎక్కడైనా సరే, చీటీ ఇవ్వని చోట డబ్బు ఇవ్వకండి. చీటీ మీద బండి నంబరు, టైము రాయించుకోండి. క్లాక్ టవర్ దగ్గర పది రూపాయలకు కూడా ఇంతేనా అంటే, అవును, ఇంతే. చీటీ లేకుండా చేయి చాపినవాడు కాంట్రాక్టు మనిషో, ఊరికే నిలబడ్డవాడో మీకెలా తెలుస్తుంది?

గల్లీలో పెట్టడం ఉచితం అనుకుంటున్నారు కాబట్టి ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. బంపర్ పగిలి నాలుగు వేల రిపేరు వచ్చిందనుకోండి. క్లెయిమ్ చేస్తే చిన్న కార్లకు తప్పనిసరి కోత వెయ్యి పోతుంది. జీరో డిప్ పాలసీ (భాగాల తరుగుదల కోయనిది) కాకపోతే ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. అన్నిటికంటే ముఖ్యం, నో క్లెయిమ్ బోనస్ పోతుంది. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాది గడిస్తే సొంత నష్టం ప్రీమియంలో (మీ కారుకు జరిగే నష్టం కోసం కట్టే భాగంలో) 20 శాతం తగ్గుతుంది, తర్వాత ఏడాది 25, అలా 35, 45, చివరికి 50 దాకా. మీ సొంత నష్టం ప్రీమియం 11 వేలైతే మొదటి మెట్టే 2,200. చిన్న గీతలకు, సొట్టలకు క్లెయిమ్ పెట్టకండి, జేబులోంచి పెట్టుకోండి. ఏడాదికి అలాంటివి రెండు జరిగితే షెడ్డు కిరాయిలో సగానికి పైగా అక్కడే ఖర్చయిపోతుంది, లొల్లి అదనం.

షెడ్డాయనతో మాట్లాడేటప్పుడు తెల్ల కాగితం మీదైనా రాసుకోండి. నెల కిరాయి ఎంత, ఎప్పుడు పెంచుతాడు, ఖాళీ చేయాలంటే ఎవరు ఎన్ని రోజుల ముందు చెప్పాలి, గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది, రాత్రి పదకొండింటికి హాస్పిటల్‌కు పోవాల్సి వస్తే ఎవరిని లేపాలి. చివరిది మరిచిపోకండి, మీకు అదే ముఖ్యం. గేటుకు మీ దగ్గర ఒక తాళంచెవి లేకపోతే ఆ షెడ్డు మీకు పనికిరాదు, 500కు ఇచ్చినా వద్దు. కిరాయి యూపీఐలో పంపండి, లెక్క దానంతట అదే ఉంటుంది. ఆరు నెలల అడ్వాన్స్ అడిగితే రెండు నెలలకు మించి ఇవ్వకండి. రేపు మంచి రేటు వస్తే ఆయన ప్లాటు అమ్ముకుంటాడు, కొన్నాయన మీ అడ్వాన్స్‌కు జవాబు చెప్పడు.