గాయాల బెడద ఉన్న ఎన్‌బీఏ స్టార్లకు సీజన్ ముందు ర్యాంకింగ్స్‌లో ఎక్కడ చోటివ్వాలి?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో 2025-26 సీజన్ ముందు వస్తున్న టాప్ 50, టాప్ 100 జాబితాల్లో జోయెల్ ఎంబీడ్, కవాయ్ లెనార్డ్, ఆంథనీ డేవిస్, జయాన్ విలియమ్సన్ లాంటివాళ్లను ఒకరు పదో స్థానం దగ్గర పెడుతుంటే ఇంకొకరు నలభైకి తోసేస్తున్నారు, ఎవరిది సబబు అని అడిగారు. నలుగురినీ ఒకే గాటన కట్టడం దగ్గరే తేడా వస్తోందని నా అభిప్రాయం. "ఆరోగ్యంగా ఉంటే" అనే షరతు కొందరికి ఇవ్వొచ్చు, కొందరికి ఇవ్వకూడదు. ఎన్ని మ్యాచ్‌లు పోయాయన్న లెక్క కన్నా, ఎందుకు పోయాయన్నది చూసి అది తేల్చాలి.

నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. ఆఫీసులో తెలుగువాళ్లం, ఫ్రిస్కో, ప్లేనో వైపు స్నేహితులం కలిసి ఏటా అక్టోబర్‌లో ఫాంటసీ లీగ్ (అసలు ఆటగాళ్లను పంచుకుని, వాళ్ల అంకెలతో మాలో మేం పోటీపడే ఆట) మొదలుపెడతాం. ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ రోజు సాయంత్రం బిర్యానీ వచ్చేలోపు జరిగే వాదనంతా మీ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. మాలో ఒక గుంటూరాయన ఉన్నాడు, అందరికీ బావే. ఎంబీడ్ అంటే ప్రాణం. "ఆడితే వాణ్ణి ఆపే మగాడు లేడు బావా" అంటాడు. "ఆడితే కదా!" అని మిగతావాళ్లం అందుకుంటాం.

బావ చెప్పేది అబద్ధమేమీ కాదు. 2022-23లో ఎంబీడ్ ఎంవీపీ, అంటే ఆ సీజన్‌కు అత్యుత్తమ ఆటగాడు. 2024 జనవరి 22న శాన్ ఆంటోనియో మీద ఒక్క మ్యాచ్‌లో 70 పాయింట్లు కొట్టాడు. ఆ నెలాఖరులోనే గోల్డెన్ స్టేట్‌తో ఆడుతుంటే మోకాల్లో మెనిస్కస్ దెబ్బతింది. ఆ సీజన్‌లో 82కి 39 మ్యాచ్‌లు ఆడాడు, తర్వాతి సీజన్‌లో 19. టైటిల్ ఆశలతో 2024-25 మొదలుపెట్టిన అతని టీమ్ ఫిలడెల్ఫియా 58 మ్యాచ్‌లు ఓడిపోయింది.

ఇప్పుడు గోల్డెన్ స్టేట్ స్టార్ స్టెఫ్ కర్రీ సంగతి చూడండి. 2019-20లో ఆడింది 5 మ్యాచ్‌లే. అంకెలు మాత్రమే చూసేవాడు అతన్ని ఎంబీడ్ కన్నా కింద పెట్టాలి. కానీ కర్రీకి జరిగింది ప్రమాదం: ఫీనిక్స్‌తో మ్యాచ్‌లో ఒక భారీ ఆటగాడు మీద పడి ఎడమ చెయ్యి విరిగింది. విరిగిన ఎముక అతుక్కుంటుంది. మరుసటి సీజన్‌లో మ్యాచ్‌కు 32 పాయింట్లతో లీగ్‌లో టాప్ స్కోరర్ అయ్యాడు. ఇలాంటివాళ్లకు "ఆరోగ్యంగా ఉంటే" అనాల్సిన పని కూడా లేదు, పాత చోటే ఇచ్చేయాలి. మెనిస్కస్ అలా కాదు. అది మృదులాస్థి. దాని లోపలి భాగానికి రక్తప్రసరణ చాలా తక్కువ, కాబట్టి చిరిగితే దానంతట అది మానడం కష్టం. కోసి తీసేస్తే ఆ మేరకు మోకాల్లో కుషన్ తగ్గుతుంది. ఏడడుగుల ఎత్తు, 280 పౌండ్ల బరువున్న మనిషి దూకిన ప్రతిసారీ ఆ మోకాలి మీదే దిగాలి. పైగా ఇది అతనికి మొదటి గాయం కాదు. 2014లో టీములు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌కు ముందే పాదంలో నావిక్యులర్ ఎముక విరిగి, మొదటి రెండు సీజన్లూ కోర్టులో అడుగే పెట్టలేదు.

దీనికి బావ దగ్గర గట్టి ఎదురుప్రశ్నే ఉంది. కర్రీ చీలమండలు కూడా ఒకప్పుడు పదేపదే మడతపడేవి కదా? నిజమే. 2011-12లో 26 మ్యాచ్‌లే ఆడాడు. ఆ అనుమానంతోనే గోల్డెన్ స్టేట్ అతనికి నాలుగేళ్లకు 4.4 కోట్ల డాలర్ల ఒప్పందం ఇచ్చింది. తర్వాత అతను అందుకున్న స్థాయికి అది కారుచౌక. 2015, 2016లో వరుసగా ఎంవీపీ అయ్యాడు. కాబట్టి మళ్లీమళ్లీ వచ్చే గాయం నుంచి ఎవరూ బయటపడరని నేననను. కానీ కర్రీకి అప్పుడు 24 ఏళ్లు, ఒళ్లు తేలిక. తుంటి, తొడ కండరాలు బలపరచుకుని చీలమండ మీద భారం తగ్గించుకునే వీలుంది. 2025-26 సీజన్ మొదలయ్యేనాటికి ఎంబీడ్‌కు 31. అరిగిన మృదులాస్థికి జిమ్‌లో మందు దొరకదు.

చాలామంది జాబితాలు తప్పేది ఇంకోచోట కూడా. "పోయినేడాది బాగానే ఆడాడుగా, ఇక ఢోకా లేదు" అనుకోవడం. యావో మింగ్ వరుసగా మూడేళ్లు గాయాలతో ఇబ్బందిపడి 2008-09లో 77 మ్యాచ్‌లు ఆడాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆ సీజన్ చివరి నాకౌట్ దశలోనే, అంటే ప్లేఆఫ్స్‌లోనే, పాదం విరిగింది. తర్వాతి సీజన్ మొత్తం పోయింది, ఆపై ఆడింది 5 మ్యాచ్‌లే, 2011లో రిటైర్మెంట్. జయాన్ 2023-24లో 70 మ్యాచ్‌లు ఆడి, లేకర్స్‌తో ప్లే-ఇన్‌లో (ప్లేఆఫ్స్ చోటు కోసం ఆడే మ్యాచ్) 40 పాయింట్లు కొట్టి, అదే మ్యాచ్ చివరి నిమిషాల్లో తొడ కండరం పట్టేసి ప్లేఆఫ్స్‌కు దూరమయ్యాడు. మరుసటి ఏడాది 30 మ్యాచ్‌లు.

డేవిస్ విషయం నేను కళ్లారా చూశాను. 2025 ఫిబ్రవరి మొదట్లో మా డాలస్ టీమ్ మావరిక్స్ తన పెద్ద స్టార్ లూకా డాంచిచ్‌ను లేకర్స్‌కు ఇచ్చి డేవిస్‌ను తెచ్చుకున్నప్పుడు మా ఊళ్లో ఇంట్లో మనిషి పోయినట్టే ఉంది. ఆ ట్రేడ్‌ను సమర్థించినవాళ్లు చెప్పిన మాటల్లో ఒకటి, అంతకు ముందు సీజన్‌లో డేవిస్ 76 మ్యాచ్‌లు ఆడాడని. కెరీర్‌లోనే అతని అత్యధికం అది. ఫిబ్రవరి 8, శనివారం మధ్యాహ్నం హ్యూస్టన్‌తో అతని మొదటి మ్యాచ్‌కు నేనూ మా ఫ్రిస్కో తమ్ముడూ వెళ్లాం. బయట ఆ ట్రేడ్ చేసిన జనరల్ మేనేజర్‌ను తీసేయమని ప్లకార్డులు పట్టుకున్నవాళ్లు, లోపల ఎవరికి చప్పట్లు కొట్టాలో తేల్చుకోలేని జనం. ఆట మొదలైన కాసేపటికే వాతావరణం మారిపోయింది. ఆ మనిషి ఒక్కడే అటు బుట్ట దగ్గర కాపలా కాస్తూ, ఇటు పాయింట్లు కొడుతూ మొత్తం ఆటను గుప్పిట్లో పెట్టుకున్నాడు. 26 పాయింట్లు, 16 రీబౌండ్లు, 7 అసిస్టులు. మూడో క్వార్టర్‌లో గజ్జ దగ్గర పట్టుకుని నెమ్మదిగా లోపలికి వెళ్లిపోయాడు. ఆ రోజు మావ్స్ గెలిచింది, 116-105తో. కానీ పార్కింగ్‌కు నడుస్తున్న జనంలో గెలిచిన కళే లేదు. అతను తిరిగి వచ్చింది మార్చి చివర్లో. ఈలోగా టీమ్‌లో మరో స్టార్ కైరీ అర్వింగ్‌కు మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెగింది. డాలస్ తరఫున ఆ సీజన్‌లో డేవిస్ ఆడినవి మొత్తం 9 మ్యాచ్‌లు. అయినా ఏప్రిల్‌లో మెంఫిస్ చేతిలో ప్లే-ఇన్ ఓడినప్పుడు 40 పాయింట్లు అతనివే.

ఈ ఒక్క మనిషిని చూస్తే రెండు వర్గాలవాళ్లూ ఎందుకు అంత గట్టిగా పోట్లాడతారో అర్థమవుతుంది. ఆ మధ్యాహ్నం చూసినవాడు అతన్ని టాప్ 10లో పెడతాడు. ఆ తర్వాత ఆరు వారాలు చూసినవాడు పెట్టడు.

మా లీగ్‌లో హైదరాబాద్ కుర్రాడొకడు దీన్ని క్రికెట్‌లోకి లాగుతాడు. 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో బుమ్రా వర్క్‌లోడ్ పేరుతో మూడు టెస్టులే ఆడి 14 వికెట్లు తీశాడు. మన సిరాజ్ ఐదు టెస్టులూ ఆడి 23 తీశాడు. ఇండియా గెలిచిన రెండు టెస్టుల్లోనూ బుమ్రా లేడు. "మరి ఎవరు గొప్ప బౌలర్ అన్నా?" అంటే వాడు కూడా బుమ్రా అనే అంటాడు. అదే "ఆ సిరీస్‌కు ఎవరు ఎక్కువ పనికొచ్చారు?" అంటే సిరాజ్. రెండు జవాబులూ కరెక్టే.

ఎన్‌బీఏలో ఓటు వేసేవాళ్లు కూడా ఇలాగే ఆలోచించిన సందర్భం ఉంది. 2016-17లో ఎంబీడ్ 31 మ్యాచ్‌లు ఆడి సగటున 20 పాయింట్లు దాటాడు. మొదటి ఏడాది ఆటగాళ్లకిచ్చే రూకీ ఆఫ్ ద ఇయర్ మాత్రం 75 మ్యాచ్‌లు ఆడి సగటున పది పాయింట్లు కొట్టిన మాల్కమ్ బ్రాగ్డన్‌కు వెళ్లింది. బ్రాగ్డన్ మెరుగైన ఆటగాడని ఓటేసినవాళ్లలో కూడా ఎవరూ అనుకుని ఉండరు. అవార్డు ఆ సీజన్‌కు, మనిషికి కాదు. సీజన్ ముందు ర్యాంకు కూడా నా దృష్టిలో అలాంటిదే, కాకపోతే అంచనా మీద ముందుగానే ఇస్తున్నాం. దీనికి ఉల్టా ఉదాహరణ కూడా ఉంది. 1977-78లో బిల్ వాల్టన్ 58 మ్యాచ్‌లే ఆడి ఎంవీపీ అయ్యాడు. అతను గాయపడేనాటికి అతని టీమ్ పోర్ట్‌లాండ్ 50 గెలిచి 10 ఓడింది. అంత తేడా చూపిస్తే మ్యాచ్‌ల సంఖ్య ఎవరూ అడగరు.

ఇప్పుడైతే అడుగుతారు. 2023-24 నుంచి ఎంవీపీ, ఆల్-ఎన్‌బీఏ (ఆ ఏడాది మేటి ఆటగాళ్ల జట్లలో చోటు) లాంటి అవార్డులకు కనీసం 65 మ్యాచ్‌లు ఆడాలన్న రూల్ వచ్చింది. ర్యాంకింగ్స్ రాసేవాళ్లు కూడా తెలియకుండానే ఈ 65ను గీతలా వాడుతున్నారని నా అనుమానం. నాకది నచ్చదు, కారణం కవాయ్. 2018-19లో టొరంటో అతన్ని వరుస రోజుల మ్యాచ్‌లలో ఒకటి ఆపుతూ, 60 మ్యాచ్‌లే ఆడించింది. ప్లేఆఫ్స్‌లో మాత్రం 24కి 24 ఆడాడు, సగటున 30.5 పాయింట్లు. ప్లేఆఫ్స్ రెండో రౌండ్ ఏడో మ్యాచ్‌లో చివరి సెకనులో వేసిన బంతి రింగు మీద నాలుగుసార్లు ఎగిరి లోపల పడింది గుర్తుందా? ఆ రోజు ఓడింది ఎంబీడ్ టీమే. టైటిల్, ఫైనల్స్ ఎంవీపీ రెండూ కవాయ్‌వే. ఇప్పటి రూల్ అప్పుడుంటే ఆ ఏడాది అతనికి వచ్చిన ఆల్-ఎన్‌బీఏ సెకండ్ టీమ్ చోటు కూడా దక్కేది కాదు. ఏ మ్యాచ్‌లు పోయాయన్నది ముఖ్యం. జనవరిలో మంగళవారం రాత్రి పోయిన మ్యాచ్, మే నెలలో పోయిన మ్యాచ్ ఒకటి కావు.

(టికెట్ కొన్నవాడికి మాత్రం జనవరి మంగళవారమే ముఖ్యం. ఇండియా నుంచి వచ్చిన మా మేనల్లుణ్ణి క్లిప్పర్స్ మ్యాచ్‌కు తీసుకెళ్తే కవాయ్ బెంచ్ చివర మామూలు బట్టల్లో కూర్చున్నాడు. "మావయ్యా, ఆయన కోచా?" అన్నాడు వాడు.)

మడమ వెనకుండే అకిలీస్ స్నాయువు తెగినవాళ్లది వేరే ఖాతా. 2025 ప్లేఆఫ్స్‌లో లిలార్డ్, టేటమ్, హాలిబర్టన్ ముగ్గురికీ అదే గాయం. ముగ్గురి జెర్సీ మీదా నంబర్ సున్నా కావడం ఒక పిచ్చి యాదృచ్ఛికం. వీళ్లను 2025-26 జాబితాలో పెట్టకపోవడమే మర్యాద, హాలిబర్టన్ ఆ సీజన్ మొత్తం ఆడడని అతని టీమ్ ఇండియానా ముందే చెప్పేసింది కూడా. తిరిగి వచ్చాక ఎలా ఉంటారంటే, ఎత్తు మీద, షాట్ మీద బతికేవాళ్లకు ఆశ ఎక్కువ. డురాంట్ 2019 ఫైనల్స్‌లో తెగాక ఒక సీజన్ మొత్తం కూర్చుని, వచ్చిన ఏడాదే సగటున 26.9 కొట్టాడు. కోబీ బ్రయంట్‌కు 34 ఏళ్ల వయసులో తెగింది, మళ్లీ పాత కోబీ కనబడలేదు.

ఇక మీరడిగిన నలుగురి స్థానాలు. డేవిస్‌ను 15, 20 మధ్య పెడతాను. అతనివి ఎక్కువగా కండరాలు పట్టేసే గాయాలు, వారాలు తింటాయి తప్ప ఆటను తినవు. కవాయ్ 20 తర్వాత: 2024-25లో 37 మ్యాచ్‌లే అయినా డెన్వర్‌తో సిరీస్‌లో ఏడుకు ఏడూ ఆడాడు, రెండో మ్యాచ్‌లో 19 షాట్లకు 15 వేసి 39 పాయింట్లు కొట్టాడు. మోకాలి చరిత్ర చూస్తే అంతకన్నా పైకి చెయ్యి రాదు. ఎంబీడ్ 30 దగ్గర. బావ నాతో వారం మాట్లాడడు, ఫరవాలేదు. జయాన్ 40 దగ్గర. 2024-25 దాకా ఆరు సీజన్లలో కలిపి 214 మ్యాచ్‌లు, అంటే టీమ్ ఆడినవాటిలో సగం కూడా లేవు. ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ ఆడలేదు. 2025-26 సీజన్ మొదలయ్యేనాటికి వయసు 25 కాబట్టి కర్రీలా మారే దారి ఇతనికింకా ఉంది, కానీ ఆ బరువుతో ఆ దూకుడు ఆటకు అది ఎంత కష్టమో చూస్తున్నాం.

మీరు ఫాంటసీ కోసం అడిగి ఉంటే ఈ వరుస కొంచెం మార్చుకోండి. ఫాంటసీ ప్లేఆఫ్స్ జరిగేది మార్చి, ఏప్రిల్‌లో. సరిగ్గా అప్పుడే టీములు పెద్దవాళ్లకు విశ్రాంతి ఇస్తాయి, కాబట్టి కవాయ్ అసలు ఆటలో కన్నా మన ఆటలో ఇంకో రెండు రౌండ్లు కిందికి వెళ్తాడు. గాయపడ్డవాళ్లకు మీ లీగ్‌లో విడిగా స్లాట్లు ఎన్ని ఉన్నాయో ముందే చూసుకోండి. ఒక్కటే ఉంటే పైన చెప్పిన నలుగురిలో ఒకరికి మించి తీసుకోవద్దు.