యూ విల్లు పక్కకు తిరిగితే

నమస్కారమండీ. రెండేళ్ల కిందట చేసుకున్న యూ విల్లు (యూ అనే చెట్టు కలపతో చేసినది) నారి విప్పినా వంగే ఉంటోందని, పై సగం పక్కకు తిరిగిందని రాశారు. ఇవి రెండు వేర్వేరు సమస్యలు. నారి వైపు వంపు లోపలి చేవ నలగడం వల్ల వస్తుంది. కలప సరిగా ఆరకపోతే మరీ ఎక్కువ. ఒకటి రెండు అంగుళాలైతే దిగులు పడకండి, మంచి విళ్లకూ ఉంటుంది.

పక్క వంపును సరిచేయవచ్చు. ఆ చోట అరగంటకు పైగా ఆవిరి పట్టి, వేడి తగ్గకముందే క్లాంపులతో నిటారుగా బిగించండి. చల్లారాక విప్పినా, కొన్ని వారాలు ఆరేదాకా నారి ఎక్కించకండి. వంపు పోవాలని వెన్ను (నారికి అవతలి వైపు) మీది తెల్లటి కలపను మాత్రం చెక్కవద్దు, దయచేసి. అక్కడ ఒక్క పొర తెగినా విల్లు విరిగే ప్రమాదముంది.

ఇకపై మూలన నిలబెట్టకండి. 1545లో మునిగిన ఇంగ్లండు ఓడ మేరీ రోజ్‌లో దొరికిన యూ విళ్లలో చాలా పెట్టెల్లో పడుకోబెట్టి ఉన్నవే.